గాలి నిలవని తుపాకి

గ్రామసభ ఇంకా నాలుగు రోజులుందనగా, ఎర్రగండి సర్పంచ్ శైలజ ఇంట్లో, పట్టపగలు, బీరువా పక్కన నిలబెట్టిన తుపాకికి ఎవరో ఊపిరి తీసేశారు.

పొద్దున ఆమె భర్త రాజేశ్ చేతిపంపు మీద ఎగిరెగిరి పడుతూ దానికి గాలి నింపాడు. మీటరు ముల్లు పచ్చ గీత మీద నిలిచాక మొహం తుడుచుకొని పత్తి చేనికి పోయాడు. మధ్యాహ్నం శైలజ పంచాయతీ ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ముల్లు సున్నా మీద పడుకొని ఉంది. నమ్మకం కుదరక తుపాకిని కిటికీలోంచి గురిపెట్టి మీట నొక్కింది. లోపల ఏదో టక్కుమంది. గొట్టంలోంచి మాత్రం దీపం ఆర్పేంత గాలి కూడా రాలేదు.

ఇంతకు ముందు కూడా ఆ తుపాకి గాలి వదిలేసింది. అప్పుడు దానికి జబ్బు చేసిందనుకున్నారు. ఈసారి అలా అనుకోవడానికి వీల్లేదు. బాగు చేయించి తెచ్చింది నిన్ననే.

ఒక ఊరి సర్పంచ్‌కు తుపాకితో ఏం పనంటే, దానికి కోతులు కారణం. పంచాయతీ ఎన్నికల్లో విజేందర్ సీసీ రోడ్డు వేయిస్తానన్నాడు. శైలజ కోతుల్ని వెళ్ళగొడతానంది. రోడ్డు లేకపోయినా నడవొచ్చు గానీ, పొయ్యి మీది గిన్నె ఎత్తుకుపోయే కోతులతో కాపురం చేయలేమని ఆడవాళ్ళంతా ఆమె గుర్తు మీద గుద్దారు. గెలిచిన సాయంత్రం, మెడలో దండలు, చేతిలో మైకు ఉన్న మనిషికి వచ్చే ధైర్యంతో ఆమె ఇంకో మాట కూడా అనేసింది. ఏడాది తిరిగాక జరిగే గ్రామసభ నాడు ఊళ్ళో ఒక్క కోతి కనబడినా రాజీనామా కాగితం బల్ల మీద పెడతానని. ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. విజేందర్ మాత్రం దాన్ని ఫోనులో రికార్డు చేసుకొని, నెలకోసారి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడుతూ, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ వేస్తున్నాడు.

మొదట్లో అందరూ రాజేశ్‌నే సర్పంచ్ సాబ్ అని పిలిచారు. అతను జేబులో రెండు పెన్నులు పెట్టుకొని తిరిగాడు కూడా. రెండు నెలలకల్లా శైలజ తన సంతకం తానే పెట్టడం, ఆఫీసర్లతో తానే మాట్లాడటం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ తన గొంతులో ఇన్ని మాటలున్నాయని ఆమెకే తెలియదు. ఆ కుర్చీ పోతే మళ్ళీ రాజేశ్ భార్య. రాజేశ్ చెడ్డవాడేమీ కాదు. అయినా సరే, ఆమెకు వెనక్కి పోవాలని లేదు.

కోతిని కొడితే అటవీశాఖ కేసు. దాన్నుంచి తప్పించుకున్నా ఆంజనేయుడి కేసు ఉండనే ఉంది. అందుకని కోతిని కొట్టకుండా కోతి పక్కన కొట్టాలని తీర్మానించారు. నీళ్ళ ట్యాంకుకు, బడి ప్రహరీకి, గుట్ట దారిలో ఉన్న కరెంటు స్తంభం పక్కన పాతిన గుంజకు జింకు రేకులు వేలాడదీశారు. లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకి ఒకటి రాజేశ్ ఫోనులో వెతికి తెప్పించాడు. గొట్టం పొడుగు తగ్గకుండా తుపాకి మాత్రం పొట్టిగా ఉండాలని యంత్రమంతా వెనక్కి, చెంప కిందికి జరిపిన రకం అది. బుల్‌పప్ అంటారు. బొమ్మలో దాన్ని పట్టుకున్నవాడు కమాండోలా ఉన్నాడు. ధర మాత్రం ఆ రకాలన్నిటిలోకీ తక్కువ. రాజేశ్‌కు ఆ రెండూ నచ్చాయి.

పని చేసిన రోజుల్లో అది బ్రహ్మాండంగా చేసింది. సీసపు గుండు రేకుకు తగిలి ఠంగుమనగానే కోతుల మంద దిక్కులు చూడకుండా గుట్ట ఎక్కింది. బీరపాదులకు కాయలు నిలిచాయి. ముసలమ్మలు వాకిట్లో వడియాలు ఎండబెట్టుకున్నారు. అంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజ రోజు ట్రాక్టరుకు, కొడవళ్ళకు, మోటారుకు చేసినట్టే రాజేశ్ తుపాకికీ పూజ చేశాడు. గొట్టం మూతికి పసుపు మెత్తాడు, నిమ్మకాయ కట్టాడు, కొబ్బరినూనెతో తళతళలాడేదాకా తోమాడు. మీట చుట్టూ, గాలి ఎక్కే రంధ్రంలో కూడా నాలుగు చుక్కలు వేశాడు. మర్నాడు గురి పెట్టి కొడితే గుండు ట్యాంకు రేకును వదిలి, విజేందర్ ఇంటి మీది డిష్‌కు తగిలింది. విజేందర్ దాన్ని రాజకీయ కక్ష అన్నాడు. గొట్టంలో పసుపు గడ్డకట్టిందని చెబితే ఎవరూ నమ్మలేదు. తర్వాత గాలి కారడం మొదలైంది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు కుట్టుమిషను నూనె వేయమన్నారు. ఇంకొకరు పంక్చరు షాపులో గాలి కొట్టిద్దామన్నారు. రాజేశ్ అన్నీ చేశాడు.

చివరికి మర్రిగూడలో మోటార్లు చుట్టే సాల్మన్ దగ్గరికి తీసుకుపోయారు. సాల్మన్‌కు తుపాకుల గురించి ఏమీ తెలియదు. ఆ సంగతి గిరాకీకి చెప్పే అలవాటు కూడా లేదు. ఫోనులో వీడియో పెట్టుకొని, అది ఆపుకుంటూ నడుపుకుంటూ, ముందు ఒక తప్పు మర విప్పి, స్ప్రింగు ఎగిరి గల్లాపెట్టె కింద పడితే దాన్ని వెతికి, మొత్తానికి లోపలి భాగాలు బయటికి తీశాడు. రబ్బరు రింగులు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. రింగులకు సిలికాన్ గ్రీజు తప్ప ఇంకే నూనె తగిలినా అంతేనని వీడియోలోని మనిషి చెప్పిన మాటనే తన మాటగా చెప్పాడు. అంత ఒత్తిడిలో ఉన్న గాలికి నూనె తోడైతే మంట పుట్టి యంత్రం పగలవచ్చని కూడా చెప్పి రాజేశ్‌ను భయపెట్టాడు. కొత్త రింగులు వేశాడు, గొట్టంలోంచి పసుపు గుడ్డముక్కతో లాగేశాడు, గాలి నింపి రెండు రోజులు దుకాణంలో పెట్టి మరీ పంపాడు.

అలా నిన్న వచ్చిన తుపాకి ఈరోజు చచ్చింది.

శైలజ తలుపు దగ్గరేసుకొని ఆలోచించింది. పొద్దున్నుంచి ఇంటికి వచ్చినవాళ్ళు తక్కువేమీ కాదు. పింఛను గురించి అడగడానికి మారెమ్మ వచ్చింది. గ్యాస్ బండ తెచ్చినవాడు లోపలిదాకా వచ్చాడు. గుట్టకు అవతలి ఊటబావి నుంచి ఆమె తండ్రి అంజన్న టీవీఎస్ మీద వచ్చి, బిడ్డ ఆఫీసులో ఉందని తెలిసి, కాసేపు కూర్చొని, అరటిపండ్ల గెల పెట్టి పోయాడు. విజేందర్ భార్య పెరుగు తోడుకని వచ్చింది. శైలజ ఆ చివరి పేరు దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం హోటల్ ముందు విజేందర్ ఎదురుపడి నవ్వుతూ పలకరించాడు.

"సర్పంచ్ చెల్లె, రాజీనామా కాగితం టైపు కొట్టిస్తవా, చేతితోనే రాస్తవా? జిరాక్సులు నేను తీయిస్త, ఫికర్ చెయ్యకు."

"నీ డిష్ బాగైందా అన్నా?" అని అడిగి ఆమె ముందుకు నడిచింది.

రాత్రి అన్నం దగ్గర భర్తను కూడా అనుమానించింది. జేబులో రెండు పెన్నులు పెట్టుకొని తిరిగినవాడికి ఆ కుర్చీ ఖాళీ అయితే నష్టమేమిటి? నేరుగా అనలేదు గానీ, అడిగిన తీరులోనే రాజేశ్‌కు అర్థమైంది.

"పంపు కొట్టేది నేను, గాలి తీసేది గూడ నేనేనా? నాకేమన్న కసరత్తు తక్కువైందా?" అని కంచం జరిపి లేచాడు. మర్నాడు ఆమెతో మాట్లాడలేదు. పంపు మాత్రం కొట్టబోయాడు. శైలజే ఆపి, తుపాకిని దుప్పట్లో చుట్టి, శుక్రవారం మళ్ళీ సాల్మన్ దగ్గరికి తానే తీసుకుపోయింది. ఆ పొద్దునే పెద్ద మగకోతి ఒకటి గుట్ట దిగి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుంది. రేకు వంక చూసి, తీరిగ్గా ఒళ్ళు గోక్కుంది. కొట్టడానికి తుపాకిలో గాలి లేదు. ఊళ్ళో సగం మంది దాన్ని చూశారు. మిగతా సగానికి విజేందర్ ఫోటో పంపాడు.

సాల్మన్ గాలి నింపి, ప్రతి అతుకుకూ సబ్బు నురుగు రాసి, ఈసారి వీడియో లేకుండానే చాలాసేపు చూశాడు.

"ఒక్క బుడగ లేవలే సర్పంచమ్మా. తుపాకికి రోగం లేదు, రోగం మీ ఇంట్లుంది," అన్నాడు. తుపాకిని తిరగేసి, కడుపు కింద చిన్న మర ఒకటి చూపించాడు. రిపేరు చేసేముందు లోపలి గాలి తీయడానికి పెట్టిన మర అది. గోటితో అర చుట్టు తిప్పినా చాలు, బుస్సుమని అంతా పోతుంది. ఎవరో దాన్నే తిప్పుతున్నారు.

మొన్న తన కూతురు మెర్సీ పుట్టినరోజుకు వెలిగించగా మిగిలిన గులాబి రంగు కొవ్వొత్తి సాల్మన్ డ్రాయర్‌లో ఉంది. దాన్ని కరిగించి మర మీద ఒక చుక్క పోశాడు. మర తిరిగితే మైనం పగలాల్సిందే. శైలజకు ఎన్నో రోజుల తర్వాత నవ్వొచ్చింది. దొంగ దొరికితే గ్రామసభలో మైకు ముందు నిలబెట్టి అడగాలనుకుంది. దారి పొడుగునా ఆ దొంగకు విజేందర్ మొహమే పెట్టుకొని చూసుకుంది.

శనివారం తుపాకి బీరువా పక్కన, పచ్చ గీత మీద ముల్లుతో, కడుపు కింద గులాబి చుక్కతో నిలబడింది. శైలజ పొద్దున్నుంచి ఇల్లు కదల్లేదు. ఎవరు వచ్చినా వాకిట్లోనే మాట్లాడి పంపింది. విజేందర్ భార్య తోడుకు వస్తే గిన్నె తానే బయటికి తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నం అంజన్న వచ్చాడు. పాత బోరు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మోకాళ్ళు కావడంతో బండి దిగడానికే ఆయనకు కాస్త సమయం పట్టింది. మళ్ళీ అరటిపండ్లే తెచ్చాడు. శైలజ తండ్రికి పీట వేసి అన్నం పెట్టింది. అంతలో పంచాయతీ కార్యదర్శి ఫోను చేసి సభ ఎజెండా మీద సంతకం అర్జంటన్నాడు. ఇంట్లో బాపు ఉన్నాడు కదా, ఇంక కావలి ఎందుకనుకొని ఆమె పోయింది. సంతకం పెట్టి, చెప్పు కూడా సరిగ్గా తొడుక్కోకుండా తిరిగి వచ్చింది.

అంజన్న పెరుగన్నం కలుపుకుంటున్నాడు. బీరువా పక్కన ముల్లు సున్నా మీద ఉంది. కింద గచ్చు మీద గులాబి రంగు పొట్టు.

శైలజ ముందు కిటికీ చూసింది. తర్వాత వెనక తలుపు గడియ చూసింది. రెండూ వేసే ఉన్నాయి. ఇంకెక్కడా చూడటానికి లేక తండ్రి వైపు చూసింది. ఆయన ఎడమచేయి మోకాలి మీద ఉంది. బొటనవేలి గోటి సందులో గులాబి రంగు మెరిసింది.

"బాపూ, నీ గోట్ల గా మైనం ఏంది?"

అంజన్న గోరు చూసుకున్నాడు. దాచబోయి, మానేశాడు. కంచంలో ఉన్నది మెతుకు మిగలకుండా తిని, చెయ్యి కడుక్కొని, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"నేనే తీసిన బిడ్డా. ఇయ్యాల తీసిన, బేస్తారం తీసిన, దసరా ఎన్క గూడ ఒకపారి తీసిన. నూనె పోసింది మాత్రం అల్లుడే, అది నా మీద ఎయ్యకు. గా మర సంగతి నాకేం ఎరుక? తుపాకి వచ్చిన్నాడు ఆయనే తిప్పి తిప్పి చూపెట్టిండు, మామా దీన్ని ముట్టొద్దు, ముడితే గాలంత పోతదని. ముట్టొద్దన్నదే యాదుంటది గదా మనిషికి.

"నువ్వీడ ఠంగుమనిపిస్తే అవి గుట్ట దిగి మా ఇండ్ల మీదికి వస్తున్నయ్. అటు ఊటబావి గాక ఇంకేమున్నది? కంది చేను కాయ లేకుండ దులిపినయ్. ఏటేట నీకు పచ్చి కందికాయ తెచ్చేటోన్ని, ఈయేడు అరటిపండ్లు కొనుక్కొస్తున్న. ఎందుకు బాపూ అని ఒక్కసారన్న అడిగినవా? మా ఊరి హోటల్ కాడ గోపయ్య అంటడు, అందరు ఆడబిడ్డకు సారె పెడ్తరు, అంజన్న బిడ్డ పుట్టింటికే సారె తోలుతాంది, అది గూడ తోకలతోని అని. నలుగురు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఏం జెయ్యాలె?

"మీ అమ్మ చేతికి కట్టు పొయ్యి కాడ కాలిందని నీకు చెప్పింది. కాలలే. రొట్టెల బుట్ట గుంజుకపోతుంటె అడ్డం పోయింది, కరిచింది. దవాఖానకు తీస్కపోయి సూదులేయించిన. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకుంది, బిడ్డ మాట పోతదని. చెప్పనని ఒట్టేసిన. తుపాకి ముట్టనని ఎయ్యలే.

"నీ కుర్చీ పోవాలని నాకు లేదు. నువ్వు గా కుర్చీల కూసున్న ఫోటో మా బీరువకు అంటిచ్చుకున్న. సోమారం ఫికర్ పడకు. పొద్దుగాలనే మా వాకిట్ల మక్కలు పోస్త, పల్లీలు పోస్త. మీ సభ ఒడిసేదాక ఒక్కటి గూడ గుట్ట దాటదు, నాది జిమ్మ. విజేందర్ చెట్టెక్కి చూసినా కానరాదు. మంగళారం మాత్రం నేను మళ్ల వస్త. ముల్లు సున్న మీదనే ఉంటది. నింపుకుంటే నింపుకో, బేస్తారం మళ్ల వస్త. తీసింది ఎవలంటే సాల్మన్ మీద పెట్టుకుంటవో, విజేందర్ మీద పెట్టుకుంటవో, అది నీ ఇష్టం."