రెండో సూది

ఆ రోజు మహదేవపురలోని ఆ ఇంట్లో నలుగురున్నారు: ఏడో నెల నిండుతున్న సుమ, ఆమె భర్త హేమంత్‌కుమార్, చెల్లెలు నేత్రావతి, మనవరాలిని పుట్టింటికి పిలుచుకుపోవడానికి చింతామణి నుంచి వచ్చిన అవ్వ పార్వతమ్మ. కడుపులోని బిడ్డను కలుపుకుంటే ఐదుగురు.

ఎనిమిదో నెలలో గర్భిణిని ఊరు దాటించరు. రేపే ఎనిమిది పడుతుంది. అందుకే అవ్వ మధ్యాహ్నానికే సంచి సర్ది, కారు పిలిపించి, చెప్పులు కూడా తొడుక్కుంది.

అయితే నిన్న సుమకు ఉన్నట్టుండి నొప్పులు వచ్చి తగ్గాయి. బిడ్డ ముందుగానే పుట్టవచ్చని డాక్టరమ్మ ఒక సూది వేసింది. రెండోది ఈ సాయంత్రం వేయాలి, ప్రయాణం అసలే వద్దు అంది.

"అవ్వా, డాక్టర్ వద్దన్నారు కదా," అని నసిగాడు హేమంత్.

"ఆ డాక్టరమ్మ వచ్చి బాలింతకు నీళ్ళు పోస్తుందా అప్పా? సూదిదేముండాది, చింతామణిలో వేయిస్తాం. లెయ్ సుమా."

సుమ లేవబోయింది. నేత్రావతి మామూలుగా అవ్వ ముందు నోరు విప్పని పిల్ల. నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిందంతా అక్క పక్కన నిలబడి విన్నది. గబగబా వెళ్ళి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"అవ్వా, సంతలో నువ్వు టమోటాలు పోసిచ్చే కవరు ఉంటాది కదా..."

"ఇప్పుడు కవరు మాటెందుకే?"

"కొత్తది రెండు పక్కలూ అతుక్కొని తెరుచుకోదు. నువ్వు ఏలు తడిచేసుకుని రుద్దుతావు. బిడ్డ ఊపిరితిత్తులు ఇప్పుడు అట్లుండాయంట. ఇప్పుడే పుడితే తెరుచుకునేది కష్టమంట. అక్కకు వేసే మందు బిడ్డకు చేరి, అవి అతుక్కోకుండా చూస్తుందంట. రెండు సూదులూ పడాల. దావలో నొప్పులొస్తే..."

అంటుండగానే కళ్ళు నిండాయి.

అవ్వ ఆమెనే చూస్తూ బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దుకుంది. తరువాత చెప్పులు విడిచింది.

"కారును పంపించెయ్యప్పా. ఎనిమిదో నెల ఇక్కడే పడనీ. నేనూ ఇక్కడే ఉంటా."

"మరి సంతలో మీ అంగడి?"

"మీ మామ అమ్ముతాడులే. గీచి గీచి బేరమాడినోళ్ళకంతా తగ్గించి ఇచ్చేస్తాడు, అంతే."

సాయంత్రం పై అంతస్తులో ఉండే నర్సు జ్యోత్స్న, డాక్టరు రాసిచ్చిన మందుతో వచ్చింది. నేత్రావతి అక్క చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చుంది. జ్యోత్స్న సిరంజిలోకి మందు తీస్తుంటే నేత్రావతి ముఖం పాలిపోయింది.

"సూది అక్కకు, కండ్లు తిరిగేది నీకా! పోవే," అని అవ్వ ఆమె తల నిమిరి, బయటికి నెట్టి తలుపు వేసింది.