ఎడమ గది

పెద్ద వరద వచ్చి మూడేళ్ళయిన ఏడు అది. ఆ వరదలో మా బడి కింది గదులు నడుము దాకా మునిగాయి. పుస్తకాలు నాని ఉబ్బిపోతే నేనే డాబా మీద ఆరబెట్టాను. అట్టలు వంకర తిరిగాయి గాని లోపలి అక్షరాలు నిలిచాయి. ఒక ముప్ఫై పుస్తకాలు పనికొచ్చాయి.

మాది పెద్దవాళ్ళకు చదవడం, రాయడం నేర్పే బడి. పొద్దుటి పని దిగి మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాళ్ళు. నేనక్కడ బంట్రోతును. తలుపులు తీయాలి, బెంచీలు తుడవాలి, కాగితాలు ఆఫీసులకు చేర్చాలి. నేను చదివింది మూడో తరగతి.

ఆ ఏడు మాష్టారు కొత్త వాచకం రాశారు. అది బాగుందో లేదో తేల్చడానికి పై ఆఫీసువాళ్ళు ఒక పద్ధతి కాగితం మీద రాసి పంపారు. కొత్తగా చేరేవాళ్ళను రెండు గదులు చేయాలి. కుడి గదికి కొత్త వాచకం, ఎడమ గదికి పాతది. రెండు నెలలకు ఒక మేడమ్ వచ్చి అందరినీ చదివించి చూస్తుంది. ఏ గది బాగా చదివితే ఆ పుస్తకం అన్ని బళ్ళకూ వెళ్తుంది. చదవగలిగినవాళ్ళ పేర్లు వాళ్ళు పని చేసే చోటికి జాబితాగా వెళ్తాయి. మోసం లేకుండా, వచ్చిన వరసలోనే ఒకరిని కుడికి, ఒకరిని ఎడమకు పంపాలి.

మాష్టారు ఆ కాగితం రెండుసార్లు చదివి నా వంక చూశారు.

"వరస అంటే గుమ్మంలో నువ్వు నిలబెట్టిందే కదయ్యా."

"అవునండి."

"ఎవరికి బుర్ర ఉందో నీకు చూడగానే తెలిసిపోతుంది. నీ కన్ను అలాంటిది."

నన్ను మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. ఆ మాటకు లొంగిపోయాను.

మా మెట్ల దగ్గర ఒక అట్ట వేలాడేది. కుడి పక్కనే ఎక్కండి, ఎడమ పక్క రాళ్ళు కదులుతున్నాయి అని. చేరే రోజు నేను పైన నిలబడి చూశాను. కుడికి జరిగి ఎక్కినవాళ్ళకు ఎంతో కొంత అక్షరాలు వచ్చు. రాయి కదిలి తూలినవాళ్ళకు రావు. తూలినవాళ్ళలో ఇటుకల లారీ డ్రైవరు ఒకడు. వాడు మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. అందరూ హారన్ అనేవాళ్ళు.

"రాయి ఊగుతోందని ఒక ముక్క చెప్పొచ్చుగా పెద్దాయనా! నీ నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అని అరిచాడు.

వాణ్ణి ఎడమ గదికని మనసులో రాసుకున్నాను.

వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి మాష్టారు ఒక్కొక్కరినీ పలకరించారు. ఏం పని చేస్తావమ్మా, ఇంట్లో ఎవరెవరు, చిన్నప్పుడు బడికెళ్ళావా అని. వాళ్ళు పొంగిపోయి ఉన్నదంతా చెప్పుకున్నారు. నేను మంచినీళ్ళు ఇస్తూ వరస సర్దాను. ఒకరికి గ్లాసు ఇచ్చి ఆపేవాణ్ణి, ఇంకొకరిని ముందుకు తోసేవాణ్ణి. చురుకైనవాడి వంతు కుడికి పడేది, మొద్దువాడిది ఎడమకు.

ఆఖర్న ఒకావిడ వచ్చింది. ఆస్పత్రి లాండ్రీలో పని. అట్ట చూసి, పెదవులు కదిపి, కుడికి జరిగి ఎక్కింది. నేను చూశాను.

"మా దగ్గర కొత్త రూలు పెట్టారండి" అని మాష్టారికి చెప్పింది. "వరదప్పుడు మూటలు కలిసిపోయి, రోగాల వార్డు దుప్పట్లు పిల్లల వార్డుకెళ్ళాయి. ఇప్పుడు మూట మీద చీటీ చదవగలిగినవాళ్ళే ఉండాలంట. మీ జాబితాలో పేరుంటే పని ఉంటుంది. లేకపోతే నేనూ నా ఇద్దరు ఆడపిల్లలూ వీధిలో ఉంటాం."

మాష్టారు అయ్యయ్యో అన్నారు. నేను ఆమె ముందు సిరాబిళ్ళ పెట్టి, "వేలిముద్ర చాలు" అన్నాను. ఆమె బిళ్ళ పక్కకు జరిపి నవ్వింది.

"నువ్వెంత చదివావు బాబాయ్?"

"మూడు."

"మూడా! అయితే నువ్వూ మా బెంచీలోనే కూర్చోవాలిగా. ఆ నిక్కు చూసి కలెక్టరేమో అనుకున్నాను!"

వరండా అంతా నవ్వింది. హారన్ అయితే బెంచీ చరిచాడు. మాష్టారు కూడా నవ్వారు. నా ఒళ్ళు మండింది.

అప్పుడు కుడికి ఆమె వంతే. ఎడమకని ఆపి ఉంచిన ముసలి తోటమాలిని ఆమె ముందుకు లాగి కుడికి పంపేశాను. ఆమె ఎడమకు పడింది. తోటమాలికి చెవులు సరిగా వినబడవు.

"ఆవిడ చురుగ్గా ఉన్నట్టుందే?" అన్నారు మాష్టారు, లోగొంతుతో.

"నోరే అండి. అక్షరం ముక్క రాదు" అన్నాను.

మాష్టారు రెండు నెలలూ కుడి గదిలోనే ఉన్నారు. ఎడమ గది నాకు అప్పజెప్పారు. "మూడు చదివావుగా, కానియ్" అన్నారు. నాకు తెలిసింది ఒకటే. నేను ఒక వాక్యం అంటాను, వాళ్ళు అంటారు. మా చిన్నప్పుడు నాకు అలాగే చెప్పారు. అక్షరం మీద వేలు పెట్టాలని నాకెవరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి ముప్ఫై రెండు పాఠాలూ వాళ్ళు పాటలా అప్పజెప్పేవాళ్ళు. నాకు గర్వంగానే ఉండేది.

లాండ్రీ ఆవిడ మొదటి వారంలోనే పుస్తకం చివరికి వచ్చేసింది. నిజంగా చదివేది.

"బాబాయ్, ఇది అయిపోయింది. ఆ గది పుస్తకం ఒకటి ఇప్పించవా?"

"లేదు."

"పోనీ వీళ్ళకు అక్షరాలు దిద్దిస్తా. పాపం హారన్ అన్నకి గుణింతం అంటే ఏంటో తెలీదు."

"అందరితో కలిసి చదువు. ముందుకెళ్ళొద్దు."

హారన్ వెనకనుంచి అన్నాడు. "ఊరుకో చెల్లెమ్మా. ఆయన దగ్గర మాటలు తక్కువ. ఉన్నవి మనకిస్తే ఇంటికి ఉత్త నోటితో పోవాలి."

ఆమె కూడా అందరితో పాటు పాట పాడింది. ఇంకో నెల గడిచింది.

మేడమ్ వచ్చిన రోజు ముందు ఎడమ గదికే వచ్చింది. హారన్ లేచి పాఠం ఎత్తుకున్నాడు. గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. మేడమ్ ముఖం వెలిగింది. మాష్టారి ముఖం మాడింది.

మేడమ్ వాడి పక్కకు వచ్చి పేజీ చూసింది. నోట్లో ఆవు పాఠం, తెరిచిన పేజీలో రైలు బొమ్మ.

"ఈ మాట ఏమిటి?" అని మధ్యలో వేలు పెట్టింది.

వాడు మళ్ళీ మొదటినుంచి ఆవును ఎత్తుకున్నాడు. మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. కిటికీలోంచి చూస్తున్న కుడి గదివాళ్ళు విరగబడి నవ్వారు. హారన్ గొంతు మొదటిసారి అసలు వినబడలేదు. ఇంకా ముగ్గుర్ని అడిగింది. అందరిదీ అదే తంతు. ఎడమ గది పేర్లన్నిటికీ అడ్డంగా ఒకటే గీత గీసింది.

లాండ్రీ ఆవిడ లేచింది.

"అమ్మగారూ, నాకు చదవడం వచ్చు."

వంకర అట్టల పుస్తకం తెరిచి గబగబా చదివింది.

"ఇదీ బట్టీయేగా" అంది మేడమ్.

"అయితే ఇంకేదైనా ఇవ్వండి. మీ చేతిలో కాగితం ఇవ్వండి, చదువుతా."

"ఇది నీకు చూపించే కాగితం కాదు." గడియారం చూసుకుని మాష్టారి వైపు తిరిగింది. "ఈమె సంగతేంటి?"

మాష్టారు నా వైపు తిరిగారు. "చేర్చుకున్నది నువ్వు. చెప్పు. ఈమెకు చదువొచ్చా?"

ఆమె నన్నే చూస్తోంది. వచ్చు అంటే, ఆ రోజు ఎందుకు రాదన్నావని మాష్టారు అడుగుతారు. వరస సంగతి మేడమ్ చెవిన పడుతుంది. నా కొలువు పోతుంది. ఇవన్నీ తర్వాత ఆలోచించుకున్నవి. అప్పుడు నాకు గుర్తొచ్చింది వరండాలో నవ్వు.

"అందరిలాగే అండి" అన్నాను.

ఆమె కూర్చుంది. మేడమ్ కుడి గదికి వెళ్ళింది. కొత్త వాచకం నెగ్గింది. మాష్టారు అందరికీ మిఠాయి పంచారు. ఎడమ గదికీ పంచమన్నారు. పంచాను. ఆమె తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మాష్టారు జాబితాలు నాకిచ్చి పంపారు. నేను ఆస్పత్రి లాండ్రీకి వెళ్ళాను. ఆమె గేటు బయట నిలబడి ఉంది. జాబితా వచ్చేదాకా లోపలికి రావద్దన్నారట. నన్ను చూసి ఎదురొచ్చింది.

"నా పేరు వేయించావా బాబాయ్?"

గేటు దగ్గరికొచ్చిన లాండ్రీ మేస్త్రీకి నేను కాగితం ఇవ్వబోతుంటే ఆమె లాక్కుంది. అక్కడే నిలబడి పైనుంచి కింది దాకా గట్టిగా చదివింది. పేర్లు, ఇంటి పేర్లు, మేడమ్ కింద ముద్దగా రాసిన మూడు వరసలు కూడా. నేను ఆ మూడు వరసలు చదవలేను. ఆమె ఎక్కడా తడబడలేదు. మూటలు మోస్తున్నవాళ్ళు ఆగి విన్నారు. చదవడం అయ్యాక కాగితం మడిచి మేస్త్రీ చేతిలో పెట్టింది.

మేస్త్రీ ఆమెనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇంత బాగా చదివిందేంటి పెద్దాయనా? ఈమె పేరు ఇందులో లేదు. తప్పేమీ పడలేదు కదా?"

"పడలేదు" అన్నాను.

చంకలో ఉన్న పుస్తకం తీసి, అందినట్టు సంతకం పెట్టమని అతని ముందు పెట్టాను. పెట్టాడు. సిరా ఆరేదాకా ఆగి, పుస్తకం మూసి, తర్వాతి ఆఫీసుకు వెళ్ళిపోయాను.