కట్టు కింద పసుపు

ఆర్మూరు యార్డులో పసుపు బస్తాలు మీద పడి హమాలీ సాయిలు నడుము విరిగి మూడేళ్లయింది. ఆపరేషన్ జరిగినా కాళ్లలో మంట పోలేదు. చివరికి నిజామాబాద్ దవాఖానలో అతని వెన్నులోకి రెండు సన్నని తీగలు దించి, వాటిని నడుముకు కట్టిన చిన్న కరెంటు పెట్టెకు కలిపారు. ఇంటి దగ్గరే వారం రోజుల పరీక్ష. నొప్పి సగమైనా తగ్గితే ఆ యంత్రాన్ని శాశ్వతంగా ఒంట్లోనే అమరుస్తారు. ఐదో రోజు సాయిలు గోడ పట్టుకోకుండా వాకిలి దాకా నడిచాడు.

అయితే మూడో రోజే కట్టు అంచు ఊడి, తీగ బయటికి వచ్చే చోట దురద మొదలైంది. భార్య భాగ్యవ్వ ఈ ఊళ్లో ఎవరైనా చేసే పనే చేసింది. పసుపుకొమ్ము అరగదీసి ఆ గాయానికి దట్టంగా పట్టించింది. ఆరో రోజు పొద్దున అతనికి చలిజ్వరం వచ్చింది.

"దవాఖానల చెప్పకు," అన్నాడు సాయిలు వణుకుతూ. "చెప్తే తీగలు గుంజేస్తరు. రేపొక్కనాడే గద."

"చీము వెన్నులకు పోతే ఏంజేస్తవ్? లే, ఆటో వచ్చింది," అంది భాగ్యవ్వ.

అతను భయపడినట్టే అయింది. గాయంలో చీము పట్టిందని డాక్టరు తీగలు తీసేశారు. గంటలోపే పాత మంట తిరగబెట్టింది. సాయిలు పిడికిట్లో దుప్పటి నలిగింది.

నర్సు శైలజ ఒక కాగితం తెచ్చింది. "సంతకం పెట్టమ్మా. పేషెంటు సూచనలు పాటించలేదని రాసినం."

"గట్ల రాస్తే మల్ల పరీక్ష చేస్తరా?"

శైలజ తల దించుకుంది. "చెయ్యరు."

"సూచనలేవి?"

"ఇంటికి పోయేటప్పుడు ఇచ్చినం గద!"

భాగ్యవ్వ సంచిలోంచి తీసిన కాగితమంతా ఇంగ్లీషే. "బీడీలు చేసుకుంటనే ఏడో తరగతి దాంక సదివిన, బిడ్డా. తెలుగుల ఉంటే ఒక్క అక్షరం ఇడువకపోదును. పసుపు పెట్టొద్దని నోటితోనన్న చెప్పిన్రా?"

వార్డులో పక్క మంచాల వాళ్లు తలలెత్తారు. అటుగా వచ్చిన డాక్టరు గుమ్మంలో ఆగిపోయారు.

"పసుపు పెట్టింది నేనే, సారూ. గది రాయున్రి. మాకు రాని భాషల చెప్పినమని గూడ రాయున్రి. రెండూ రాస్తేనే సంతకం."

డాక్టరు లోపలికి వచ్చి ఆ కాగితం అందుకున్నారు. తర్వాత పాత వాక్యం కొట్టేసి రాయడం మొదలుపెట్టారు.

"ఏం రాసిన్రో తెలుగుల సదువున్రి."

ఆయన చదివారు. గాయం మానాక మళ్లీ పరీక్షకు పిలుస్తామన్న చోట ఆమె ఆపి, ఇంకోసారి చదివించుకుంది. మంచం మీద సాయిలు పళ్లు బిగబట్టి మూలుగుతూనే ఉన్నాడు. అప్పుడు భాగ్యవ్వ సంతకం పెట్టింది.