వెలుగుగుడ్డ మీద పద్దెనిమిది మంది

దేముడమ్మ గోడ మీద థింసా ఆడుతోంది. అదే దేముడమ్మను గేటు దగ్గర సెక్యూరిటీవాడు రెక్క పట్టుకుని బయటికి గెంటుతున్నాడు. రెండూ ఒక్కసారే కంటపడ్డాయి ఆమె కూతురు రాజకుమారికి.

గోడ మీది బొమ్మ రాజకుమారి చేతి పనే. బొర్రా నుంచి పైకెక్కే దారిలో లక్ష్మీప్రసాద్ కొత్తగా కట్టిన రిసార్టు అది. రిసెప్షన్ గోడ పొడవునా అల్యూమినియం ఫ్రేములో బిగించిన వెలుగుగుడ్డ. దాని మీద పక్కనే ఉన్న తన ఊరు కరకపుట్టు ఆడవాళ్లు పద్దెనిమిది మంది, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని నిలబడి ఉంటారు. గుడ్డ వెనక వేల ఎల్ఈడీలు. ఏ దీపం ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో విశాఖలో తను పనిచేసే కంపెనీలో కంప్యూటర్ ముందు నెలరోజులు కూర్చుని రాజకుమారి కూర్చిపెట్టింది. స్విచ్ వేస్తే వరస మొత్తం కదిలి ఆడుతున్నట్టే ఉంటుంది. తల్లి అడుగు ఎత్తే చోట మాత్రం ఒక్క క్షణం ఎక్కువ వెలుగు పెట్టింది. అమ్మ మీద ప్రేమతో పెట్టింది, ఎవరికీ చెప్పలేదు.

"వదలండి, ఆమె మా అమ్మ!" అంటూ గేటుకి పరుగెత్తింది.

"దారి బంద్ మేడమ్. ఓనరు గారి ఆర్డరు."

దేముడమ్మ వెనక మిగతా ఆడవాళ్లు బుట్టలతో నిలబడి ఉన్నారు. ఆ దారి దాటితేనే వాళ్ల కాఫీ తోటలు. పండు ఎర్రబడింది. ఈ వారంలో కోయకపోతే నేలరాలిపోతుంది. ఏడాది తిండి అది.

"ఏటే గుంటా, మా తోటకి మాం ఎల్లకూడదా? మీ తాత ఏసిన మొక్కలే అయ్యి!" అంది దేముడమ్మ.

లక్ష్మీప్రసాద్ నవ్వుతూ వచ్చాడు. ఒళ్లు మండించే నవ్వు. చేతిలో జిరాక్సు కాగితాలు.

"గొడవెందుకమ్మా? దారీ, తోటలున్న వెనక కొండవాలూ రిసార్టుకి వదులుకుంటున్నామని మీ గ్రామసభే తీర్మానించింది. ఇవిగో, గడపకొకటి చొప్పున పద్దెనిమిది వేలిముద్రలు."

రాజకుమారి కాగితాలు లాక్కుని చూసింది. మొదటి పేజీ ఎప్పుడూ చూడనిది. రెండో పేజీ తనదే. ఫొటోలు తీసిన రోజు, గోడ మీద తమ బొమ్మ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు తనే ఒక్కొక్కరి వేలు పట్టుకుని ముద్ర వేయించింది. ఇంటికొక ఆడమనిషి వరసలో నిలబడడం కరకపుట్టు ఆచారం. పద్దెనిమిది ఇళ్లు, పద్దెనిమిది మంది. మన గుంట తెచ్చిన కాగితమే కదా అని ఏం రాసుందో ఒక్కరూ అడగలేదు. ఆ పేజీ తన కంపెనీ నుంచి లక్ష్మీప్రసాద్ చేతికి పోయింది. వాడు దానికి తీర్మానమంటూ కొత్త మొదటి పేజీ అతికించాడు.

మధ్యాహ్నం సుక్రు ముసలాయన వాకిట్లో ఊరంతా కూడింది. రాజకుమారి ఏదీ దాచకుండా చెప్పింది.

"సదువుకున్న గుంటవని నమ్మినాం. నువ్వే మా పీక కోసినావు," అంది సంతోషమ్మ.

"కోర్టుకెల్దాం," అన్నాడు బడి పంతులు ఫల్గుణ.

"కోర్టు తేల్సేసరికి పండు కుళ్లిపోద్ది," సుక్రు గసిరాడు. "రిసార్టు కడతన్నప్పుడే ఎమ్మార్వో ఆఫీసుకి నాలుగు సార్లెల్లినాను. కూకోమన్నోడు లేడు."

"మరేటి సేద్దాం? ఏడుద్దామా?" అంది సంతోషమ్మ.

"ముందు మమ్మల్ని ఆ గోడ మీంచి దింపండి," అంది దేముడమ్మ. "నన్ను గెంటినోడింట్లో నాను ఆడను."

రాజకుమారి తల ఎత్తింది. "దింపడానికి గుడ్డ చింపక్కర్లేదమ్మా. కింది మూల చిన్న పట్టీ ఉంటాది. లాగితే అంచు మొత్తం గాడిలోంచి ఊడొచ్చేస్తాది. నేను చూపిస్తాను."

"నీ ఉద్యోగం పోద్దే."

"పోనీ."

మర్నాడు ఉదయం ప్రారంభోత్సవం. కార్లు బారులు తీరాయి. ఆడవాళ్లు బుట్టలు ఇళ్ల దగ్గరే వదిలి, కొప్పుల్లో పూలు పెట్టుకుని వచ్చారు. అతిథుల ముందు ఆడడానికి వచ్చారనుకుని నిన్న గెంటినవాడే గేటు తీసి "బేగి రండి" అన్నాడు. పనికి వెళ్తామంటే మూసుకున్న గేటు ఆటకైతే తెరుచుకుంది. ఎంత సిగ్గుమాలిన గేటు!

రాజకుమారి పట్టీ తీసి తల్లి చేతిలో పెట్టింది. దేముడమ్మ లాగింది. సంతోషమ్మ అందుకుంది. అంచు సర్రున ఊడి గుడ్డంతా వాళ్ల భుజాల మీద పడింది. వెనక బోడి దీపాలు ఇంకా వెలిగి ఆరుతూనే ఉన్నాయి. ఒక్క చోట ఒక్క క్షణం ఎక్కువ వెలిగాయి. అక్కడ ఎవరూ లేరు.

"పట్టుకోండి వాళ్లని!" లక్ష్మీప్రసాద్ అరిచాడు. అప్పటికే వాళ్లు వెనక గుమ్మం దాటి వాలెక్కారు. గుడ్డ చెట్ల కింద పరిచి పళ్లు దూయడం మొదలుపెట్టారు. వాళ్ల బొమ్మల మీదే ఎర్రటి పళ్లు కుప్పపడ్డాయి. పోలీసులు వచ్చేదాకా ఒక్క చెయ్యీ ఆగలేదు.

స్టేషన్లో ఎస్సై అడిగాడు. "గుడ్డ లాగిందెవరే?"

"నాను," అంది దేముడమ్మ.

"నాను," అంది సంతోషమ్మ. వరస చివరిదాకా అదే మాట. చివర నిలబడ్డ రాజకుమారీ అదే అంది.

ఎస్సై కాగితం రాయించి ఇంకుప్యాడ్ ముందుకు తోశాడు. "ముద్రలెయ్యండి."

ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. అన్నీ ఒకరి నడుము వెనక ఒకరివి పెనవేసుకుని ఉన్నాయి.

"ఏటి రాసినారో సదివి ఇనిపించు బాబూ," అంది దేముడమ్మ.

"నీకు చదివి వినిపించాలా?"

"ఇంటేనే ఏత్తాం."

ఎస్సై పళ్లు కొరుకుతూ చదివాడు. "రిసార్టుకి చెందిన కాఫీ తోటలో అక్రమంగా ప్రవేశించి..."

"ఆగు," అంది దేముడమ్మ. "తోట మాది. అది కొట్టేసి మల్లీ రాయి."

వాడు కొట్టేయలేదు. సాయంత్రానికి పంతొమ్మిది మందినీ రిమాండుకి పంపారు. కోసిన పళ్లు సాక్ష్యమని సీజ్ చేశారు. అవి స్టేషన్ వరండాలో కుళ్లుతాయని రాజకుమారికి తెలుసు. కంపెనీ తీసేసినట్టు ఫోన్లో మెసేజ్ కూడా వచ్చింది. కానీ వ్యాన్ ఎక్కేటప్పుడు తల్లి తన బొటనవేలు చూసుకుంది. దాని మీద సిరా లేదు.

మర్నాడు పొద్దున్నే సుక్రు ముసలాయన చుట్టుపక్కల ఊళ్లవాళ్లను వెంటేసుకుని బుట్టలతో గేటు ముందు నిలబడ్డాడు. రిసార్టు మేనేజరు ఆ తీర్మానం కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు.

"ముందు సదువు," అన్నాడు సుక్రు.