పన్నెండో మాట: బావ

నేను ఒక క్యాలెండర్ కాగితాన్ని. మే నెలని. రాహుకాలం, వర్జ్యం నిమిషాలతో సహా చెప్పగలను. దేశాలేలే పెద్దలకు ఈ పాటి విద్య కూడా లేదని తర్వాత తెలిసింది.

వెల్డర్ కర్రి సూరప్పడు నన్ను పెట్టెలో వేసుకుని ఆఫ్రికాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లాడు. భోగాపురం దగ్గర అతని ఇల్లు గోడల దాకా లేచి ఆగింది. స్లాబు వెయ్యాలి. జీతమేమో అక్కడి డబ్బులో ఇచ్చేవారు. ఆ డబ్బుకి సోమవారం ఉన్న విలువ శుక్రవారం ఉండేది కాదు. డాలర్లుగా మార్చమంటే బ్యాంకువాళ్లు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, లేవని చెప్పేవారు. చేసేది లేక ఫోన్‌లో డాలరు కాయిన్లు కొన్నాడు. ఎప్పుడూ ఒక డాలరు విలువే ఉండే కాయిన్లట. ఫోన్ పోతే వాటిని తిరిగి తెరవడానికి పన్నెండు ఇంగ్లీషు మాటలే తాళంచెవి. దొంగలకు అర్థం కాకూడదని వాటిని తెలుగులోకి మార్చి నా వీపున రాశాడు. ఏనుగు, ఉప్పు, వాన... చివర్న బావ. తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఆ దేశం ముందు కాయిన్ కొనడం నేరమంది. ఏడాది తిరక్కుండా రుసుము కడితే నేరం కాదంది. మన దేశంలోనేమో అది డబ్బు కాదన్నారు, అలాగని నిషేధమూ లేదన్నారు, పన్ను మాత్రం కట్టమన్నారు. నేనైతే ఒకే గడియను మంచిదనీ చెడ్డదనీ రెండూ అనను. అంటే నన్ను గోడకి ఎవరు తగిలిస్తారు?

తిరుగు ప్రయాణంలో ఫోన్ పోయింది. ఇంటికొచ్చి కొత్త ఫోన్‌లో పదకొండు మాటలు కొట్టాడు. పన్నెండోది కుదరలేదు. బావకి ఇంగ్లీషులో బ్రదరిన్‌లా అని ఊరంతా చెప్పింది. అలాంటి మాటే లేదంది ఫోన్. మూడేళ్ల చెమట అందులో ఉంది. అతను అన్నం మానేశాడు. చూడలేకపోయాను.

"బావా, రెండు ముద్దలు తిను," అంది భార్య రాజులమ్మ. ఆమె అతని మేనమామ కూతురు. పెళ్లయి పదేళ్లయినా ఆ పిలుపు మానలేదు.

సూరప్పడు ఉలిక్కిపడ్డాడు. "ఒలే, అక్కడ నా మేస్త్రీకి నీ ఫొటో సూపించి, నా పెళ్లాం, మా మావ కూతురంటే, తింటున్నోడు కంచం ఒదిలి లేచి నిలబడిపోనాడే! ఏదో అన్నాడు... ఆఁ, కజిన్! దాన్నే నేను బావని రాసీసినాను!"

తాళం తెరుచుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నాకూ సంతోషం పట్టలేదు.

కాయిన్లు అమ్మి డబ్బు బ్యాంకులో వేసుకున్నాక ఆడిటరు లెక్క కట్టాడు. "నీ డాలరు పెరగలేదయ్యా, రూపాయి పడింది. అది పడిన మేరా నీకు లాభమే. ముప్పై శాతం కట్టాలి."

"రూపాయిని నేను పడగొట్టినానేటండీ?" అన్నాడు సూరప్పడు.

ఆడిటరు చలానా రాసి చేతిలో పెట్టాడు.

గదికి స్లాబు పడింది. వంటింటికి డబ్బు చాల్లేదు, టార్పాలిన్ కట్టారు. కారే చోట గోడకి నన్ను అంటించింది రాజులమ్మ, పన్నెండు మాటలూ లోపలికి పెట్టి. వాన పడితే ముందు తడిసేది నేనే. అయినా నా పదకొండో తేదీ కింద గృహప్రవేశానికి శుభదినమని ఇంకా కనిపిస్తూనే ఉంది.