మర ఆగకముందు తీసిన ఫొటో

కార్ఖానా నుంచి వచ్చిన జవాబులో రెండే వాక్యాలున్నాయి. అతడు మూటలు కుట్టే పెరట్లో పనిచేశాడే తప్ప రాయి పొడిచేసే గదిలో ఏనాడూ అడుగుపెట్టలేదని మొదటిది. కనుక అతని జబ్బుకూ తమకూ సంబంధం లేదని రెండోది. ఆ రెంటినీ ఆమె మంచం పక్కన నిలబడి చదివి వినిపించింది. భర్త నవ్వబోయాడు గానీ, నవ్వుకు కావలసినంత గాలి లోపల లేక మధ్యలోనే మానుకున్నాడు.

అతడి ఊపిరితిత్తులు పనిలోనే చెడ్డాయని వైద్యమండలి ఒప్పుకుంటే ఇంటికి ఆక్సిజన్ యంత్రం వస్తుంది, ఆసుపత్రిలో మంచం దొరుకుతుంది. ఒప్పుకోకపోతే ఇప్పటిలాగే గోడకు చేరగిలబడి కునుకుతూ, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి చేదినట్టు చేదుకుంటూ ముగిసిపోవడమే. దయతలిచి మధ్యస్థంగా ఏదో ఒకటి చేసే ఏర్పాటు ఆ వ్యవస్థలో ఎవరూ పెట్టలేదు.

ఆమెను ఆ వీధిలో టచింగ్ అక్కయ్య అంటారు. తండ్రి ఫొటో స్టూడియోలో ముప్పై ఏళ్ళు ఆమె చేసిన పని అదే. ఫిలిం మీద దుమ్ము పడినచోట ఫొటోలో తెల్ల చుక్క వస్తుంది. ఆ చుక్కను సన్నని కుంచెతో, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయే సిరాతో కప్పెయ్యాలి. ఆమె చేతిలో పడితే మశూచి మచ్చలైనా మాయమవుతాయని పేరు. స్టూడియో మూతపడినా ఆ పేరు పోలేదు.

జవాబు మడిచి పెడుతుండగా ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు. కార్ఖానాలో కొత్త మర బిగించిన రోజున ఫొటో తియ్యమని ఆయన్నే పిలిచారు. మర తిరుగుతుండగా, పనివాళ్ళను దాని చుట్టూ నిలబెట్టి, ఫ్లాష్ వెలిగించి ఒకటి తీశాడట. అది చెడిపోయిందని గొణుక్కుంటూ ఇంటికొచ్చాడు. మర ఆపించి, నేల కడిగించి, పనివాళ్ళను పక్కకు తప్పించి, దొరలతో ఇంకొకటి తీశాకే కార్ఖానావాళ్ళకు నచ్చింది. మొదటిది ఎందుకు చెడిందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. చెడినదాన్ని సైతం పారెయ్యని మనిషి ఆయన.

ఇనపపెట్టె అడుగున ఆ నెగెటివ్ దొరికింది. అంచులు చుట్టుకుపోయి, పులిసిన వాసన కొడుతోంది. వెలుగుకు పట్టి చూస్తే మర పక్కన, మీట మీద చెయ్యి వేసి, భర్త. రాయి పొడిచేసే గదిలోనే.

ఇప్పటి ఫొటో దుకాణాల్లో నెగెటివ్ అంటే ఏమిటని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ మాట విని మరిది ఎక్కడో పాత సామాను అమ్మే చోట చవకగా ఒక డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చాడు. దానికి లెన్సు లేదు.

"ఒదినా, మొండెం తెచ్చాను. తల నువ్వే అతికించుకో" అని బల్లమీద పెట్టాడు.

తల పెట్టెలోనే ఉంది: తండ్రి వాడిన లెన్సు, దాన్ని దగ్గరి వస్తువుల మీద నిలిపేందుకు మడతలు మడతలుగా సాగే తోలు తిత్తి, దాని చివర నెగెటివ్‌ను బిగించే చట్రం. పాత సామానుకూ కొత్త కెమెరాకూ మధ్య పొత్తు కుదిర్చే లోహపు ఉంగరాన్ని రిపేరు షాపువాడు వెతికిచ్చాడు. అన్నీ బిగించి మీట నొక్కితే కెమెరా కదల్లేదు. లెన్సు లేదని తెరమీద చూపించింది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటోందంటే ఇది కూడా కార్ఖానాలోనే ఉద్యోగం చేసి వచ్చినట్టుందని మరిది అన్నాడు. లెన్సు ఉన్నా లేకున్నా ఫొటో తియ్యమని దానికి చెప్పే చోటు, సెట్టింగులన్నీ గాలించగా చివరికి దొరికింది.

తిత్తి మడతల్లో చిల్లులుపడి వెలుతురు చొరబడుతోంది. ఆమె నల్లటి టేపు ముక్కలు కోసి ఒక్కొక్కటే అతికిస్తూంటే భర్త మంచం మీంచి చూస్తున్నాడు.

"నా తిత్తులకీ ఓ పట్టీ వెయ్యరాదుటోయ్" అన్నాడు.

ఆమె ఇంకో టేపు ముక్క కోసింది.

కిటికీకి పాలగాజు ఆనించి, ఆ వెలుగులో నెగెటివ్‌ను నిలిపింది. పాత లెన్సు తనంతట తాను ఏదీ చెయ్యదు. తిప్పే వేళ్ళకు ఓపిక ఉంటేనే పదును తేలుతుంది. ఆమె భర్త కనురెప్పల మీద దాన్ని నిలిపింది. ఫొటో తీశాక, ఫిలిం జరిపే మీటకోసం ఆమె బొటనవేలు అలవాటుగా వెతుక్కుంది; ఈ కెమెరాకు అది లేదు.

దుకాణంలో నలుపును తెలుపు చేసి, కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. పాతికేళ్ళవాడు. ఛాతీ విరుచుకుని ఉన్నాడు. కానీ మొహం నిండా, భుజాల నిండా, చుట్టూ ఉన్నవాళ్ళ మీదా, వాళ్ళ మధ్య ఖాళీలోనూ లెక్కలేనన్ని తెల్ల చుక్కలు. ఆమె ఇంటికొచ్చి నెగెటివ్‌ను రబ్బరు బుడ్డితో ఊది, మెత్తని కుంచెతో తుడిచి, లెన్సు కూడా తుడిచి, మళ్ళీ తీసి అచ్చువేయించి చూసింది. చుక్కలు పోలేదు. పాత ఫిలిం కదా, బూజు లోపలిదాకా దిగిందనుకుంది.

మండలివాళ్ళు మొహం గుర్తుపట్టాలి. అందుకని ఆమె మధ్యాహ్నమంతా కూర్చుంది. ముందు అతడి కళ్ళు, తరువాత పెదవులు, మెడ, చొక్కా. ఒక్కణ్ణే శుభ్రం చేస్తే అతుకు తెలిసిపోతుందని మిగిలినవాళ్ళనూ చేసింది. తరువాత గాలిని చేసింది. చేతికి వచ్చిన విద్య పాపం ఎక్కడ ఆగాలో అడగదు. సాయంత్రానికి ఆ ఫొటో అద్దంలా ఉంది. మరిది చూసి, మీ నాన్న ఉంటే నీకు దణ్ణం పెట్టేవాడొదినా అన్నాడు.

మండలిలో ముగ్గురు వైద్యులు కూర్చున్నారు. ముగ్గురి ఊపిరితిత్తులూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఆమె ఫొటో అందించి, మర దగ్గర నిలబడ్డ మనిషిని వేలితో చూపింది. కార్ఖానా తరఫున వచ్చినతను కాదంటాడని, అరుస్తాడని, అన్నిటికీ సిద్ధపడి వెళ్ళింది. అతను ఫొటో చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూసి, ఎంతో మర్యాదగా తల ఊపాడు.

"నిజమేనండి, ఈయన ఆ గదిలోనే ఉన్నారు. మా పొరపాటు ఒప్పుకుంటున్నాం" అన్నాడు. "మర తిరుగుతోంది కూడా, దాన్ని తిప్పే పట్టీ ఎలా మసకగా పడిందో చూడండి. అయినా గాలి ఎంత నిర్మలంగా ఉందో గమనించండి. ఒక్క నలుసు లేదు. ఇక ఈ గదివల్ల జబ్బు ఎలా వస్తుందండీ?"

పెద్ద వైద్యుడు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. నలుసు లేదు.

బూజు కాదు. తండ్రి ఎందుకు గొణుక్కున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఫ్లాష్ వెలుగు తగిలి మెరిసిన రాతిపొడి అది. ఊదితే పోనిది, తుడిస్తే పోనిది, భర్త లోపల ఇప్పటికీ ఉన్నది. దాన్ని చుక్క చుక్కగా వెతికి తన చేతులతో కప్పేసింది.

"ఆ నలుసులు నేను తీసేశాను" అంది.

"అంటే ఫొటోను దిద్దారన్నమాట" అన్నాడు కార్ఖానా మనిషి, అంతే మర్యాదగా.

దిద్దని ఫొటో ఉందని, నెగెటివ్ ఉందని ఆమె చెప్పింది. పెద్ద వైద్యుడు కఠినుడు కాడు. అదే మరీ అసహ్యమనిపించింది ఆమెకు. ఒకసారి దిద్దినవాళ్ళు తెచ్చే రెండోదాన్ని పరీక్షకు పంపించకుండా ఎలా నమ్ముతామమ్మా అని నెమ్మదిగా వివరించాడు. నెగెటివ్ ఇచ్చి వెళ్ళమన్నాడు. మండలి మళ్ళీ కూర్చునేది ఆర్నెల్లకు. అప్పటిదాకా రోగిని జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

ఆర్నెల్లు. ఆ మాటను తమవాళ్ళకు చెప్పవలసిన అవసరం లేనివాళ్ళు ఎంత సులువుగా పలుకుతారో ఆమె దారి పొడుగునా తలుచుకుంది.

ఇంట్లో ఏదీ దాచలేదు. భర్త విన్నాడు. తిట్టలేదు. దిద్దనిది చూపించమన్నాడు. మరిది వెళ్ళి, కెమెరాలో ఉన్నదాన్ని ఈసారి పెద్ద కాగితం మీద అచ్చువేయించి తెచ్చాడు.

భర్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ మాట్లాడాడు.

"ఇంతుండేదా... మాకు కనబడేది కాదోయ్. మంచులో నడిచేవాడికి మంచు కనబడదు." వేలు ఒక్కొక్క మొహం మీదికీ జరిపాడు. "వీడు పోయాడు. వీడూ పోయాడు. ఈ చివరివాడు కిందటేడు... నిన్నటి ఫొటోలో మమ్మల్నందర్నీ శుభ్రంగా కడిగావు. సాగనంపేముందు కడిగినట్టు."

జోకు వేశాననుకున్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తానే నవ్వబోయి, దగ్గు తెరలో చిక్కుకుపోయాడు. మరిది వెన్ను పట్టుకుని నిలబెట్టాడు. ఫొటో కిందపడింది. ఆ దగ్గు ఆగడానికి పట్టినంతసేపూ ఆమె నీళ్ళగ్లాసుతో నిలబడి ఉంది, అతడు తాగలేకపోయాడు.

అతడు గోడకానుకుని కళ్ళు మూసుకున్నాక, ఫొటోలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు తలొకటి పట్టుకెళ్ళి ఇస్తానని, ఆర్నెల్లకు భర్తలు పోయిన ఆ ఆడవాళ్ళందర్నీ వెంటబెట్టుకు వెళ్దామని మరిది గుసగుసగా చెప్పాడు. ఆమె సరేనంది. ఆ వెళ్ళేవాళ్ళలో తాను ఏ వరసన ఉండబోతోందో ఇద్దరికీ తెలుసు.

మరిది వెళ్ళాక ఆమె ఫొటోను నేలమీంచి తీసి బల్లమీద పరిచింది. పాతికేళ్ళవాడి కింది పెదవి మీద ఒక తెల్ల చుక్క, గుండుసూది మొనంత. నెగెటివ్ మీద తరువాతెప్పుడో పడిన దుమ్మో, ఆనాడు అతడు పీల్చబోతున్న రాతిపొడో చూసి చెప్పడం ఆమెక్కూడా సాధ్యం కాలేదు. కుడిచెయ్యి దానంతటది లేచి కుంచె ఉన్న డబ్బా దాకా వెళ్ళింది. ఆమె ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకుంది. వెనక మంచం మీద ఊపిరి ఒకటి పైకి వచ్చింది; తరువాతిది వచ్చేదాకా, పట్టు వదలకుండా, ఆమె అలాగే కూర్చుంది.