మీరావలి వస్తేనే పలికే బండి

మీరావలి వచ్చి చెయ్యి వేస్తే బండి పలుకుతుంది. అతను వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున మళ్ళీ పలకదు. వారంగా ఇదే తంతు. ఇందులో ఏదో ఉందని అరుణజ్యోతికి గట్టిగా అనిపిస్తోంది.

బండి అంటే నీళ్ళ మీద స్కూటరులా కూర్చొని తోలే జెట్ స్కీ. బత్తలపల్లె దగ్గర వాళ్ళ ఇంటి ముందర, రెండు పాత లారీ టైర్ల మీద, యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టా కప్పుకొని ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి, "బోరులో తోలతావా ఏమప్పా నాగేశ్వరా," అని నవ్విపోతున్నారు. ఆమె భర్త నాగేశ్వర ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ అమ్మి, మంగళూరులో ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొనుక్కొచ్చాడు. డ్యాం దగ్గర జనాన్ని తిప్పి బతుకుదామని అతని ఆలోచన. శుక్రవారం పొద్దున డ్యాం ఇంజనీరు వచ్చి చూస్తానన్నాడు. ఆయన ముందర బండి మొరాయిస్తే అనుమతి రాదు. వెనక్కి వచ్చి కూర్చుందామంటే మగ్గాలు లేవు.

తెచ్చినప్పుడే దాని చోక్ విరిగి ఉంది. చోక్ లేకపోతే చల్లబడిన ఇంజను లేవదు. బోరు మోటార్లూ, మందు కొట్టే ఇంజన్లూ బాగుచేసే మీరావలి వచ్చి చూసి, చోక్ తీసేసి ప్రైమర్ బిగిద్దామన్నాడు. అది వేలెడంత చేతి పంపు. దాని గుండీ లాగి నొక్కితే ట్యాంకులోని పెట్రోలు నేరుగా కార్బొరేటర్‌లోకి చిమ్ముతుంది. బిగించిన రోజు ఇంజను వెంటనే లేచింది. మర్నాడు నాగేశ్వర ఎంత లాగినా గుండీ ఉత్తి గాలిని తోస్తున్నట్టు తేలిగ్గా ఆడింది. మీరావలికి ఫోన్ చేశారు. వచ్చాడు. లేచింది.

"వాని చేతిలో ఏదో ఉండాది మే," అన్నాడు నాగేశ్వర మురిసిపోతూ.

"చేతిలో కాదు, మనసులో ఉండాది," అంది అరుణజ్యోతి.

మీరావలి ఒకమాట అని ఉన్నాడు. "డ్యాం కాడ నన్ను గూడా పెట్టుకో అన్నా. నేనుంటే మిషను నిలిచిపోదు." అన్నరోజు ఆమె నవ్వింది. ఇప్పుడు ఆ మాట వేరేగా వినిపిస్తోంది. తను లేకుండా బండి లేవకుండా చేసుకుంటున్నాడు.

అప్పటినుంచి అతను వచ్చినప్పుడల్లా మగ్గాల గది కిటికీలో నిలబడి చూస్తోంది. గదిలో మగ్గాల గుంతలు ఇంకా పూడ్చలేదు. మీరావలి ప్రతిసారీ ఇంటికి వీపు పెట్టి వంగేవాడు. తల బండి లోపలికి పోయేది. కాసేపటికి లేచి, ఉమ్మి, మూతి తుడుచుకొని అప్పుడు గుండీ లాగేవాడు. లోపల ఏం తిప్పుతున్నాడో మాత్రం కనిపించేది కాదు.

గురువారం కూడా బండి లేవలేదు. మీరావలి వచ్చాడు. పట్టా తీశాడు, గుండీ లాగాడు, నొక్కాడు. మళ్ళీ లాగాడు. స్టార్టరు గిరగిరమంది తప్ప ఇంజను అందుకోలేదు. మొదటిసారి అతని చేతికి కూడా బండి పలకలేదు.

అరుణజ్యోతి గదిలోంచి బయటికి వచ్చింది.

"రేపు ఇంజనీరు వస్తాడని తెలుసు కదా మీరావలీ. ఈరోజే చెయ్యకుండా పోతివే."

"ఏం చెయ్యలేదక్కా?"

"రోజూ చేసేది. మాకు వీపు పెట్టి, తల లోపల పెట్టి ఏదో చేస్తావు. ఇప్పుడు అది చెయ్యలేదు. నేను చూస్తానే ఉండా."

"నోరు మూసుకో మే," అన్నాడు నాగేశ్వర.

"నేనెందుకు మూసుకునేది? ఈయప్ప వస్తే పలుకుతాది, పోతే పలకదు. మిషనుకు మనుషుల మొహాలు తెలుస్తాయా?"

మీరావలి స్పానరు కింద పెట్టాడు. అతని మొహం ఎర్రబడింది. బండి వైపు చూశాడు.

"నోటితో లాగేది," అన్నాడు మెల్లగా. "కార్బొరేటర్ కాడ పైపు పీకి, పెట్రోలు నోటికందే దాకా పీలుస్తా. మళ్ళీ పెట్టి గుండీ లాగుతా. ఇయ్యాల్టినుంచి రంజాన్ ఒక్కపొద్దులు కదా. నోట్లో పెట్టుకోలా."

"మరి వీపు పెట్టేది?"

"పైపు ఆ పక్కనుండాది. ఈ పక్క తిరిగి ఎట్ల పీల్చేది?"

"ఇన్ని దినాలు చెప్పలేదే?"

"దాన్ని గూడా చెప్పాల్నా? మోటరు నీళ్ళు లాగకపోతే అంతే చేస్తా, ఇంజనుకు డీజిలు రాకపోతే అంతే చేస్తా. చెయ్యి తుడుచుకునేది గూడా చెప్తారా ఎవురైనా?"

ఆమె నమ్మలేదు. నాగేశ్వర పైపు అందుకొని తను పీల్చాడు. పెట్రోలు నోట్లోకి వచ్చి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"మింగొద్దన్నా, నువ్వే స్టార్టయితావు," అన్నాడు మీరావలి, నవ్వకుండా.

పైపు తిరిగి పెట్టి గుండీ లాగితే ఇంజను లేచింది. నీళ్ళలో లేకుండా తిరిగితే వేడెక్కిపోతుందని రెండు క్షణాలు ఉంచి ఆపేశారు.

అంటే ప్రైమర్ బాగానే ఉంది. పెట్రోలే పంపులో నిలవడం లేదు. రాత్రికి ఎక్కడో గాలి దూరి, అది ట్యాంకులోకి జారిపోతోంది. మీరావలి పైపు వెంట వేలు పోనిస్తూ ట్యాంకు దాకా వెళ్ళాడు. ప్రైమర్‌తో వచ్చిన పైపు పారదర్శకంగా ఉంది. గుండీ లాగినప్పుడు అందులో బుడగలు పరుగెత్తడం అరుణజ్యోతికే ముందు కనిపించింది.

"ఈడ," అంది.

బుడగలు పుట్టే చోట నల్లటి పైపు ముక్క ఉంది. వచ్చిన పైపు ట్యాంకు దాకా అందలేదని మీరావలి అతికించిన డ్రిప్పు పైపు అది. చేనిలో చెట్ల మొదళ్ళకు నీళ్ళు పంపే సన్న పైపు. పెట్రోలు తాగి ఉబ్బి, అతుకు దగ్గర వదులైంది. వేలితో తాకితే ఊడి వచ్చింది.

"తప్పు నాదే," అన్నాడు మీరావలి. "కావాలని చేసింది మాత్రం కాదు."

పెట్రోలు పైపూ క్లిప్పులూ తెస్తానని మోటారు సైకిలెక్కి వెళ్ళాడు. ఇంక రాడనుకుంది ఆమె. మధ్యాహ్నం ఎండలో వచ్చాడు. నల్ల ముక్క పారేసి, పొడుగు పైపు ఒకటే వేసి, రెండు కొసలా క్లిప్పులు బిగించాడు. నీళ్ళు తాగమనబోయి, ఒక్కపొద్దని గుర్తొచ్చి అరుణజ్యోతి ఊరుకుంది.

"తెల్లారేదాకా చల్లబడనీండి. రేపు డ్యాం కాడికి నేను రాను. నేనుండి స్టార్టయితే మళ్ళీ నా మాయే అనుకుంటారు," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె పట్టా ఎత్తి ఆ క్లిప్పులు రెండూ లాగి చూసింది. కదల్లేదు.

శుక్రవారం డ్యాం ఒడ్డున ఇంజనీరు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నాగేశ్వర బండిని పట్టుకుంటే ఆమే నీళ్ళలో మోకాలి దాకా దిగి గుండీ లాగింది. తేలిగ్గా ఆడింది. మళ్ళీ లాగింది. ఈసారి బరువుగా, బావిలోంచి నిండు బిందె వచ్చినట్టు వచ్చింది. నొక్కి స్టార్టరు వేస్తే ఇంజను లేచింది. ఇంజనీరు తల ఊపి, వచ్చే వారం ఆఫీసుకు రమ్మన్నాడు.

"మీరావలికి ఫోన్ చెయ్యి," అని నీళ్ళలోంచి అరిచాడు నాగేశ్వర.

చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తెల్లవారుజామున లేచి ఉంటాడు, నమాజు చేసుకొని పడుకొని ఉంటాడు అనుకుంది. తన నంబరు చూసి ఎత్తలేదేమో అని కూడా అనుకుంది. మళ్ళీ చేసింది.

"స్టార్టయిందా?" అన్నాడు మీరావలి.

"అయింది."

"ఎన్ని తూర్లు లాగినారు?"

"రెండు."



"ఒకటికే రావల్ల. ట్యాంకు కాడ క్లిప్పు ఇంకొంచెం బిగించమను అన్నని," అని పెట్టేశాడు.